ముందు ఫోర్కుల ఆయిల్ లీకు: ఇంటి దగ్గరే విప్పి బాగుచేసుకునేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో తిరిగే బండ్లలో చాలావాటికి ముందు వైపు సాధారణ టెలిస్కోపిక్ ఫోర్కులే ఉంటాయి. పైన క్రోమ్ పూత ఉన్న పైపు, కింద అల్యూమినియం బాటమ్ కేసు, లోపల ఒక స్ప్రింగు, దాని ఊగుడును అదుపుచేసే డ్యాంపర్ రాడ్డు, కొంత ఆయిల్, పైపు కేసులోకి దిగే చోట ఆ ఆయిల్ బయటికి రాకుండా ఆపే రబ్బరు వలయం, అంటే ఆయిల్ సీల్: ఇంతే వాటి నిర్మాణం. కింది సమాధానాలు ఈ రకం ఫోర్కులను ఉద్దేశించినవి. బండి మోడల్‌ను బట్టి మారే కొలతలకు సర్వీసు మాన్యువల్ చెప్పినదే ప్రమాణం.

ఫోర్కు నిజంగా లీకవుతున్నదని ఎలా నిర్ధారించుకోవాలి?

పైపును మెత్తని గుడ్డతో శుభ్రంగా తుడిచి, ముందు బ్రేకు పట్టుకుని, హ్యాండిల్ మీద బరువు వేసి పది పన్నెండు సార్లు గట్టిగా కిందికి నొక్కండి. పైపు చుట్టూ సన్నని తేమ పొర మాత్రమే కనిపిస్తే ఆందోళన పడనవసరం లేదు, ఎందుకంటే సీల్ పెదవి తడిగా ఉండటానికి ఆ మాత్రం నూనె అవసరం. వేలికి అంటుకునేంత వలయం ఏర్పడినా, బాటమ్ కేసు మీదుగా నూనె కారి దానికి దుమ్ము పట్టి నల్లగా పేరుకున్నా, సీల్ పనితీరు దెబ్బతిన్నట్టే.

అయితే నూనె కనిపించిన చోటల్లా తప్పు ఆయిల్ సీల్‌దే అనుకోకూడదు. బాటమ్ కేసు అడుగున ఉండే అలెన్ బోల్టు రాగి వాషర్ అరిగినా, పై బోల్టు ఓ-రింగ్ చీలినా ఆయిల్ బయటికి వస్తుంది. డిస్క్ బ్రేకు ఉన్న బండిలో కాలిపర్ (ప్యాడ్లను డిస్క్‌కు నొక్కే భాగం) దగ్గర తడి కనిపించి, అక్కడి పెయింటు ఉబ్బి ఊడుతూ ఉంటే అది బ్రేక్ ఆయిల్ అయ్యే అవకాశం ఎక్కువ. అప్పుడు ఫోర్కును వదిలి ముందు బ్రేకు సంగతి చూడాలి.

కొత్త సీల్ వేయించిన కొద్ది నెలలకే మళ్ళీ కారుతున్నది. సీల్ నాసిరకమా?

కొన్నిసార్లు అదీ కారణమే. కానీ ఎక్కువసార్లు, పాత సీల్‌ను పాడుచేసిన కారణాన్ని అలాగే వదిలి సీల్ ఒక్కటే మార్చడం వల్ల ఈ పరిస్థితి వస్తుంది. సీల్ పెదవి ఒక సన్నని రబ్బరు అంచు. దాని వెనుక ఉండే చిన్న స్ప్రింగు చుట్టు ఆ అంచును పైపుకు ఒత్తి పట్టుకుంటుంది. పైపు మీది క్రోమ్ పూత అద్దంలా నునుపుగా ఉన్నంతకాలం ఆ అంచు ఏళ్ళ తరబడి పనిచేస్తుంది. పూత మీద ఆవగింజలో సగమంత గరుకు మచ్చ ఉన్నా, బండి ఎగిరి దిగిన ప్రతిసారీ అది రబ్బరును గీరుతుంది.

మన ప్రాంతంలో ఆ మచ్చలు ఎలా పుడతాయో గమనిస్తే పని సగం తేలికవుతుంది. కంకర లేచిన రోడ్ల మీద ముందు పోయే లారీ చక్రం కింది నుంచి ఎగిరిన రాయి పైపుకు తగిలి క్రోమ్‌ను చిన్నగా పగలగొడుతుంది, తర్వాతి వానకు అక్కడ తుప్పు మొలుస్తుంది. మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు సిమెంటు లారీలు తిరిగే దారుల్లో సన్నని గరుకు దుమ్ము డస్ట్ సీల్ (ఆయిల్ సీల్ పైన దుమ్మును ఆపే రబ్బరు వలయం) కింద చేరుతుంది. నాట్ల రోజుల్లో ట్రాక్టరు కేజ్ వీల్స్ తారురోడ్డు మీద విడిచిపోయే బురద పైపుకు చిమ్మి, ఎండకు గంటలోపే పెళుసుగా ఎండిపోతుంది. మరుసటి గుంతలో ఫోర్కు కుంగినప్పుడు ఆ పెళుసు మట్టి నేరుగా సీల్ లోపలికి దూరుతుంది.

ఎరువుల సంగతి చాలామంది తలచరు. 45 కిలోల యూరియా బస్తాను ట్యాంకు మీద పెట్టుకుని పొలానికి పోవడం ఇక్కడ నిత్యం చూసేదే. బస్తా కుట్టు నుంచి రాలే గుళికలు తేమను పీల్చుకుని పైపు మీద కరుగుతాయి. పొటాష్ ఎరువులో ఉండేదైతే క్లోరైడు లవణం, క్రోమ్ పూతలోని సూక్ష్మమైన పగుళ్ళ గుండా లోపలి ఇనుమును అది త్వరగా తింటుంది. ఎరువుల బస్తాలున్న గదిలోనే రాత్రిళ్ళు బండి నిలిపేవారి ఫోర్కు పైపులను చూస్తే ఈ మాట అర్థమవుతుంది.

ఇవి కాక, ఆయిల్ అవసరానికి మించి పోయడం, పైపు వంగి ఉండటం, పైపుకు, కేసుకు మధ్య ఉండే బుష్‌లు (జారుడు వలయాలు) అరిగి పైపు వదులుగా కదలడం, సీల్ ఎక్కించేటప్పుడే పెదవి తెగడం కూడా కారణాలే. విప్పిన తర్వాత వీటిని ఒక్కొక్కటిగా పరిశీలించకుండా కొత్త సీల్ వేస్తే డబ్బు, శ్రమ రెండూ వృథా అవుతాయి.

ఏమీ విప్పకుండా లీకు ఆపే మార్గం ఉందా?

ఒకటి ఉంది, ముందుగా దానినే ప్రయత్నించాలి. పెదవి తెగకుండా, దాని కింద ఇసుక రేణువు మాత్రమే ఇరుక్కున్నప్పుడు అది పనిచేస్తుంది. ఇంట్లో పడి ఉన్న పాత ఎక్స్-రే ఫిల్మ్ నుంచి రెండు వేళ్ళ వెడల్పున ముక్క కత్తిరించి, ఒక మూలన చిన్న కొక్కెంలా గాటు పెట్టి, అంచులను సన్నని వాటర్ పేపర్‌తో నున్నగా చేయండి. డస్ట్ సీల్‌ను జాగ్రత్తగా పైకి లేపి, చుట్టూ ఉన్న మట్టిని తుడిచి, ఫిల్మ్ ముక్కను పైపుకు, ఆయిల్ సీల్‌కు మధ్య నెమ్మదిగా దింపి, పైపు చుట్టూ ఒక పూర్తి చుట్టు తిప్పి బయటికి లాగండి. కొక్కేనికి నల్లని మట్టి అంటుకుని వస్తుంది. రెండు మూడు సార్లు ఇలా చేసి, తుడిచి, ఫోర్కును నొక్కి చూడండి. లీకు ఆగితే పని అయిపోయినట్టే. ఇనుప రేకును, స్క్రూడ్రైవర్‌ను మాత్రం ఈ పనికి ఎన్నడూ వాడకూడదు.

ఏ పనిముట్లు కావాలి?

పానాలు, సాకెట్ సెట్టు, అడుగు బోల్టుకు సరిపోయే పొడవాటి అలెన్ కీ (సాధారణంగా 6 లేదా 8 మి.మీ.), చిన్న, పెద్ద స్క్రూడ్రైవర్లు, రబ్బరు సుత్తి, కొత్త రాగి వాషర్లు, ఓ-రింగులు, ఆయిల్ సీళ్ళు, డస్ట్ సీళ్ళు ఉంటే చాలు. టార్క్ రెంచి ఉంటే మంచిది. ఆయిల్ కొలవడానికి మెడికల్ షాపులో దొరికే 50 మి.లీ. సిరంజి, దానికి తగిలించడానికి ఒక జానెడు సెలైన్ పైపు ముక్క ఎంతో పనికొస్తాయి. సీల్‌ను కిందికి దించడానికి కంపెనీ డ్రైవర్ అవసరం లేదు. బోరు మోటార్ల సామాను అమ్మే దుకాణానికి సీల్‌ను వెంట తీసుకుపోయి, లోపల ఫోర్కు పైపు సులువుగా దూరుతూ, గోడ అంచు సరిగ్గా సీల్ బయటి వలయం మీదే ఆనే పీవీసీ పైపును ఎంచుకోండి.

సీల్ మీద మూడు అంకెలు అచ్చువేసి ఉంటాయి: లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం, మూడూ మిల్లీమీటర్లలో. ఒకే పేరున్న బండి అయినా తయారైన సంవత్సరం మారితే పైపు మారవచ్చు. పాత రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350కి 35 మి.మీ. పైపులు ఉండగా, 2021లో వచ్చిన కొత్త క్లాసిక్‌కు 41 మి.మీ. పైపులు వచ్చాయి. కాబట్టి బండి పేరు చెప్పి కొనడం కంటే పాత సీల్ చూపించి కొనడం క్షేమం.

బండిని ఎలా నిలబెట్టాలి? ఏది ముందు విప్పాలి?

సెంటర్ స్టాండు వేసి, ఇంజిను అడుగున చెక్క దిమ్మె పెట్టి, ముందు చక్రం నేలను వదిలేలా చూడాలి. సైలెన్సర్ వంపు కింద దిమ్మె పెట్టకూడదు. సెంటర్ స్టాండు లేని బండిని ఒంటరిగా ఎత్తే ప్రయత్నం వద్దు, మరొకరు పట్టుకోవాలి.

చక్రం విప్పకముందే చేయవలసిన పనులు రెండున్నాయి, ఈ వరుస తప్పితే తర్వాత చాలా అవస్థ పడాలి. మొదటిది, పై టీ ప్లేటు (హ్యాండిల్ దగ్గర రెండు ఫోర్కులనూ పట్టి ఉంచే ప్లేటు; ఇలాంటిదే కింద ఇంకొకటి ఉంటుంది) బిగింపు బోల్టును వదులు చేసి, ఫోర్కు పై బోల్టును పావు చుట్టు మాత్రం సడలించడం. ఫోర్కు బయటికి వచ్చాక దానిని పట్టుకుని తిప్పడానికి సరైన ఆధారం ఉండదు. రెండవది, అడుగు అలెన్ బోల్టును కూడా ఒకసారి కదిలించి వదలడం. అప్పటికి స్ప్రింగు ఒత్తిడి డ్యాంపర్ రాడ్డును అదిమి పట్టి ఉంటుంది గనుక బోల్టు సులువుగా కదులుతుంది. రెండింటినీ పూర్తిగా మాత్రం విప్పకండి.

తర్వాత కాలిపర్ తీసి, బ్రేకు గొట్టం మీద బరువు పడకుండా తీగతో హ్యాండిల్‌కు కట్టాలి. డిస్క్ లేనప్పుడు బ్రేకు లివర్ నొక్కితే పిస్టన్లు బయటికి వస్తాయి కాబట్టి ప్యాడ్ల మధ్య అట్టముక్క దోపాలి. స్పీడోమీటర్ కేబుల్, చక్రం, మడ్‌గార్డు తీశాక టీ బిగింపు బోల్టులు సడలించి, ఫోర్కును అటూ ఇటూ తిప్పుతూ కిందికి లాగితే వచ్చేస్తుంది. రాకపోతే బిగింపు చీలికలో స్క్రూడ్రైవర్‌ను కొద్దిగా దోపి వెడల్పు చేయవచ్చు, బలంగా సుత్తితో కొట్టడం మాత్రం తగదు.

అడుగు అలెన్ బోల్టు తిరుగుతూనే ఉంది, ఊడి రావడం లేదు. ఏం చేయాలి?

లోపలి డ్యాంపర్ రాడ్డు కూడా బోల్టుతోపాటు తిరుగుతున్నదన్నమాట. స్ప్రింగును తిరిగి లోపల పెట్టి, పై బోల్టు బిగించి, మరొకరు ఫోర్కును నేలకు ఆనించి గట్టిగా కుంగదీసి పట్టుకుంటుండగా మీరు బోల్టు తిప్పితే చాలాసార్లు వస్తుంది. అప్పటికీ రాకపోతే ఒక పొడవైన కర్ర కొనను కోసుగా చెక్కి, స్ప్రింగు తీసేసిన పైపులోకి దించి, డ్యాంపర్ రాడ్డు నోట్లో గట్టిగా బిగుసుకునేలా రెండు దెబ్బలు కొట్టి, కర్రను తిరగకుండా పట్టుకుని బోల్టు తీయాలి. పాత పార కామ ఈ పనికి చక్కగా సరిపోతుంది. చివరి మార్గం ఇంపాక్ట్ గన్, టైర్ల దుకాణంలో రెండు నిమిషాల పని. బోల్టు తల అరిగిపోయేదాకా అలెన్ కీతో పెనుగులాడటం కంటే అక్కడికి తీసుకుపోవడమే మేలు.

పై బోల్టు తీసేటప్పుడు ప్రమాదం ఉంటుందా?

ఉంటుంది. స్ప్రింగు ఆ బోల్టును కింది నుంచి నెడుతూ ఉంటుంది. మడత గుడ్డ కప్పి, ముఖం పక్కకు పెట్టి, అరచేతితో అదిమి చివరి చుట్లు తిప్పండి. స్ప్రింగు బయటికి తీసే ముందు దాని ఏ కొన పైకి ఉందో ఫోన్లో ఫోటో తీసుకోండి. దగ్గర చుట్లున్న కొన కొన్ని బండ్లలో పైకి, కొన్నింటిలో కిందికి ఉంటుంది.

పాత సీల్‌ను బాటమ్ కేసు దెబ్బతినకుండా ఎలా తీయాలి?

డస్ట్ సీల్‌ను చుట్టూ కొద్దికొద్దిగా లేపి తీశాక, కింద గాడిలో, ఆయిల్ సీల్ పైకి రాకుండా ఆపే ఒక తీగ వలయం, అంటే సర్క్లిప్, కనిపిస్తుంది. దానిని తీయకుండా సీల్‌ను లాగకండి, గాడి అంచు విరుగుతుంది. తుప్పు పట్టి కనిపించకపోతే కొంచెం డీజిల్ పోసి బ్రష్షుతో రుద్దితే బయటపడుతుంది.

తర్వాతి పని ఫోర్కు రకాన్ని బట్టి ఉంటుంది. చిన్న బండ్లలో చాలావాటికి అడుగు బోల్టు తీయగానే పైపు బయటికి వస్తుంది, సీల్ కేసులోనే మిగిలిపోతుంది. బుష్‌లున్న ఫోర్కుల్లో మాత్రం పైపును వేగంగా పైకి లాగి ఆపుతూ ఉండాలి, ఆ దెబ్బకు బుష్ కింది నుంచి సీల్‌ను తోసుకుంటూ వస్తుంది. కేసులో మిగిలిన సీల్‌ను తీయాలంటే మరుగుతున్న నీళ్ళు కేసు పైభాగం మీద పోయండి. అల్యూమినియం ఎక్కువగా వ్యాకోచించి పట్టు సడలుతుంది. కేసు అంచు మీద గుడ్డ, దాని మీద చెక్క ముక్క పెట్టి, టైరు లివర్‌తో సీల్ కింది అంచు పట్టి లేపాలి. లివర్ కొన కేసు లోపలి గోడకు తగిలి గీత పడితే కొత్త సీల్ బయటి వైపు నుంచి ఆయిల్ కారుతుంది. అలాంటి గీత మీద వేలిగోరు ఆగితే, మెత్తని వాటర్ పేపర్‌తో దాని లేచిన అంచును మాత్రం సమం చేయాలి.

పైపు మీద తుప్పు మచ్చలున్నాయి. కొత్త పైపు కొనాల్సిందేనా?

మచ్చ ఎక్కడ ఉందనేది మొదటి ప్రశ్న. ఫోర్కు పూర్తిగా కుంగినా సీల్ చేరని పైభాగంలో, టీ ప్లేట్ల మధ్య ఉన్న తుప్పుకు, లీకుకు సంబంధం లేదు. శుభ్రం చేసి వదిలేయవచ్చు. సీల్ తిరిగే భాగంలో ఉంటే వేలిగోటితో పరీక్షించండి. గోరు ఆగకుండా జారిపోతే 2000 నంబరు వాటర్ పేపర్‌ను నూనెలో తడిపి, పైపు చుట్టుకొలత దిశలో తేలిగ్గా రుద్దితే సరిపోతుంది. నిలువుగా రుద్దకూడదు, నిలువు గీతలే ఆయిల్‌కు దారి అవుతాయి. గోరు ఆగితే, లేచిన అంచులను సమం చేసి, గుంటలో ఎపాక్సీ నింపి, ఆరాక మళ్ళీ నునుపు చేస్తే కొంతకాలం నెట్టుకురావచ్చు. దానిని తాత్కాలిక చికిత్సగానే భావించాలి.

మచ్చలు గుంపుగా ఉంటే పైపు మార్చడమే సరైనది. హార్డ్ క్రోమ్ మళ్ళీ వేయించి గ్రైండింగ్ చేయించే మార్గం ఉన్నా, విడిభాగాలు దొరకని పాత బండ్లకు తప్ప దాని ఖర్చు గిట్టుబాటు కాదని నా అభిప్రాయం. మెరుపు కోసం మాత్రమే వేసే అలంకార క్రోమ్ ఇక్కడ పనికిరాదు.

పైపు వంగిందో లేదో ఇంట్లో తెలుస్తుందా?

మందపాటి అద్దం పలక మీద పైపును దొర్లించి, కింద వెలుతురు సందు మారుతున్నదేమో చూడండి. స్పష్టంగా కనిపించే వంపు ఈ పరీక్షలో తేలిపోతుంది. చాలా మాన్యువళ్ళు అనుమతించే పరిమితి 0.2 మి.మీ. మాత్రమే కాబట్టి, అనుమానం ఉంటే లేత్ షాపులో డయల్ గేజి పెట్టించి చూడాలి. బండి ఎప్పుడైనా గేదెనో డివైడర్‌నో గుద్ది ఉంటే ఈ పరీక్ష మానకండి. ప్రెస్సు మీద సరిచేసిన పైపును నేనైతే నమ్మను. వంపు తీసిన చోట క్రోమ్ పగిలి ఉంటుంది, లోహం బలం తగ్గి ఉంటుంది.

కొత్త సీల్ ఎక్కించేటప్పుడు ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

ముందుగా విడిభాగాలన్నిటినీ డీజిల్‌తో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, నూలు పోగులు రాలని గుడ్డతో తుడవండి. బుష్ మీది నల్లని టెఫ్లాన్ పూత అరిగి రాగి రంగు ఎక్కువ భాగం బయటపడి ఉంటే దానినీ మార్చాలి. డ్యాంపర్ రాడ్డు, దాని కింద ఉండే ఆయిల్ లాక్ ముక్క తమ స్థానంలో ఉన్నాయని చూసుకుని, పైపును కేసులోకి దించి, అడుగు బోల్టుకు కొత్త రాగి వాషర్, ఒక చుక్క నీలిరంగు థ్రెడ్ లాకర్ (బోల్టు సడలకుండా పట్టే జిగురు) పెట్టి బిగించాలి.

పైపు పై కొనకు పలుచని ప్లాస్టిక్ కవరు తొడిగి, దానికి ఫోర్కు ఆయిల్ రాసి, దాని మీదుగా సీల్‌ను జార్చండి. పైపు అంచు పదునుగా ఉంటుంది, కవరు లేకుండా దించితే పెదవి అక్కడే తెగుతుంది. అక్షరాలున్న వైపు పైకి, స్ప్రింగు చుట్టు కనిపించే వైపు కిందికి, అంటే ఆయిల్ వైపుకు ఉండాలి. సీల్ నోటి దగ్గర సమతలంగా కూర్చున్నాక, పీవీసీ పైపును దాని మీద ఆనించి, చుట్టూ సమానంగా చిన్న దెబ్బలు కొట్టాలి. మొదట మెత్తగా పలికే దెబ్బ, సీల్ అడుగుకు చేరగానే గట్టి చప్పుడుగా మారుతుంది. అప్పుడు సర్క్లిప్ గాడి చుట్టూ పూర్తిగా కనిపించాలి. ఒకవైపు గాడి సగమే కనిపిస్తే సీల్ వంకరగా దిగినట్టు. సర్క్లిప్ గాడిలో పడినప్పుడు టక్కుమని వినబడుతుంది, దానిని గాడిలో అటూ ఇటూ తిప్పి చూసిన తర్వాతే డస్ట్ సీల్ దించండి.

ఏ ఆయిల్, ఎంత పోయాలి?

ఇక్కడి చిన్న బండ్లకు 10డబ్ల్యూ తరగతి ఫోర్కు ఆయిల్ సాధారణం. పరిమాణం మోడల్‌ను బట్టి మారుతుంది, చిన్న బండ్లలో ఒక్కో ఫోర్కుకు సాధారణంగా పావు లీటరు లోపే ఉంటుంది. పూర్తిగా కడిగి ఆరబెట్టిన ఫోర్కుకు, ఆయిల్ మాత్రమే మార్చిన ఫోర్కుకు కొలత కొద్దిగా తేడా ఉంటుంది. మాన్యువల్‌లో రెండు అంకెలు కనిపిస్తే అందుకే.

కొందరు మెకానిక్‌లు మిగిలిన 20డబ్ల్యూ40 ఇంజిన్ ఆయిల్‌ను పోసేస్తారు. అది ఫోర్కు ఆయిల్ కంటే చాలా చిక్కన, డ్యాంపర్ రాడ్డు రంధ్రాల గుండా తగినంత వేగంగా పారదు, గతుకుల రోడ్డు మీద ఫోర్కు బిగుసుకున్నట్టు కొడుతుంది. ‘కొంచెం ఎక్కువ పోస్తే గట్టిగా ఉంటుంది’ అనే మాట మరింత హానికరం. ఆయిల్ పెరిగిన కొద్దీ పైన గాలికి చోటు తగ్గుతుంది, ఫోర్కు కుంగినప్పుడు ఆ గాలి ఒత్తిడి విపరీతంగా పెరిగి సీల్‌నే బయటికి తోస్తుంది.

కొలిచిన ఆయిల్ పోశాక, స్ప్రింగు లేకుండానే పైపును నెమ్మదిగా పైకీ కిందికీ కదిలించి గాలి బుడగలు పోనివ్వండి. కొంతసేపు ఆగి, పైపును పూర్తిగా కిందికి దించి, పై అంచు నుంచి ఆయిల్ మట్టం వరకు లోతు కొలవాలి. ఎక్కువైనది సిరంజికి తగిలించిన సెలైన్ పైపుతో లాగేయవచ్చు. రెండు ఫోర్కుల్లోనూ ఈ మట్టం ఒకటే ఉండాలి.

తిరిగి బిగించేటప్పుడు?

రెండు పైపుల పై కొనలు టీ ప్లేటు దగ్గర ఒకే ఎత్తులో ఉండాలి. చక్రం ఎక్కించాక యాక్సిల్ నట్టు బిగించి, బండిని దిమ్మె మీది నుంచి దించి, ముందు భాగాన్ని పలుమార్లు కుంగదీసిన తర్వాతే యాక్సిల్ బిగింపు బోల్టును, కింది టీ బోల్టులను చివరిగా బిగించాలి. లేకపోతే ఫోర్కులు ఒకదానికొకటి సమాంతరంగా లేక లాగుడు పడి, కొత్త బుష్‌లు ఒక పక్కకే అరుగుతాయి. బండి కదిలించే ముందు బ్రేకు లివర్ గట్టిపడేదాకా నొక్కడం మరువకండి.

ఒక ఫోర్కే కారుతున్నది. రెండోది ముట్టుకోకుండా వదిలేయవచ్చా?

వదిలేయకూడదు. రెండింటిలో ఆయిల్ ఒకే వయసుది, ఒకే చిక్కదనం ఉన్నది కావాలి. చక్రం ఎలాగూ విప్పారు.

బ్రేకు ప్యాడ్ల మీద ఆయిల్ పడింది. కాల్చి వాడుకోవచ్చా?

ప్యాడ్లను స్టవ్ మీద కాల్చడం, పెట్రోలు పోసి అంటించడం వల్ల పైన తడి పోతుంది గాని లోపలికి ఇంకిన నూనె పోదు. వేడెక్కినప్పుడు అది మళ్ళీ పైకి వస్తుంది. కొత్త ప్యాడ్లు వేయండి, డిస్క్‌ను బ్రేక్ క్లీనర్‌తో తుడవండి. ఇదే కారణంగా లీకు ఎక్కువగా ఉన్న బండిని నడపవద్దని, ముఖ్యంగా కల్వకుర్తి మీదుగా శ్రీశైలం ఘాట్ రోడ్డుకు తీసుకుపోవద్దని గట్టిగా చెబుతాను.

కేటీఎం డ్యూక్ వంటి బండ్ల ఫోర్కులకు ఇదే పద్ధతి సరిపోతుందా?

సరిపోదు. 390 డ్యూక్‌కు ఉన్నవి 43 మి.మీ. తలకిందుల ఫోర్కులు, అంటే లావు కేసు పైన, క్రోమ్ పైపు కింద ఉండేవి. వాటిలో సీల్ కిందికి చూస్తుంది, కాబట్టి తెగగానే ఆయిల్ నేరుగా బ్రేకు వైపు కారుతుంది. స్ప్రింగును నొక్కి పట్టే ప్రత్యేక పనిముట్టు లేకుండా లోపలి కార్ట్రిడ్జిని (డ్యాంపర్ అమరికను) విప్పడం కష్టం, ప్రమాదకరం కూడా. ఎక్స్-రే ఫిల్మ్ ఉపాయం మాత్రం వీటికీ పనిచేస్తుంది.

ఫోర్కు పైపులకు రబ్బరు బూట్లు (ముడతల తొడుగులు) తొడిగితే మేలా?

రాళ్ళ నుంచి, బురద నుంచి అవి పైపును బాగా కాపాడతాయి. కానీ కింది రంధ్రాలు మూసుకుపోతే లోపల నీరు నిలిచి, బయటికి కనిపించకుండానే పైపు తుప్పు పడుతుంది. వానాకాలంలో నెలకోసారి లేపి తుడిచే ఓపిక ఉంటేనే వేయండి. లేకపోతే పొలం నుంచి వచ్చిన వెంటనే, బురద ఎండకముందే, తడి గుడ్డతో పైపులు తుడవడం చాలు. ప్రెషర్ వాషర్ ధారను నేరుగా డస్ట్ సీల్ మీదికి పెట్టనివ్వకండి.

తీసిన పాత ఆయిల్‌ను ఎక్కడ పారబోయాలి?

మోరీలో, పొలం గట్టున పారబోయవద్దు. మెకానిక్ షెడ్డుల్లో వాడేసిన ఆయిల్‌ను డ్రమ్ములో పోగుచేస్తారు, అక్కడ ఇవ్వవచ్చు. కడగడానికి వాడిన డీజిల్‌ను అందులో కలపకుండా వేరే డబ్బాలో మూతపెట్టి ఇవ్వండి.